సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఏసీ: ఎంపిక, బిగింపు, మరమ్మతు

తీరప్రాంతపు ఇంట్లో ఏసీని దెబ్బతీసేవి రెండు: గాలిలోని తేమ, దాని వెంట వచ్చే ఉప్పు. ఎండ వేడి ఆ తర్వాతి మాట. పొడి ఊళ్లలో పదేళ్లు నిక్షేపంగా తిరిగే యంత్రమే సముద్రం పక్కన మూడు నాలుగేళ్లకు గ్యాస్ కారిపోయి, ఫిన్స్ (గొట్టాల చుట్టూ ఉండే పలచటి లోహపు రేకులు) పొడిపొడిగా రాలిపోయి కనిపిస్తుంది. యంత్రంలో లోపం ఉండి అలా జరగడం తక్కువ. నీటికి దారి చూపకుండా, ఉప్పు పేరుకునే చోట బిగించడమే చాలాసార్లు అసలు కారణం. అందుకే ఇక్కడ ఏసీకి సంబంధించిన ప్రతి నిర్ణయంలోనూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నీరు ఎటు పోతుంది? ఉప్పు ఎక్కడ నిలుస్తుంది?

ఒక లెక్క చూడండి. 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిలో 27 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. ఏసీలో లోపలి కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల వరస), రాగి పైపు, డ్రెయిన్ పైపు (నీరు బయటకు పోయే గొట్టం), గాలి వదిలే రెక్కలు అన్నీ అంతకన్నా చల్లగానే ఉంటాయి. ఉక్కపోత రోజుల్లో ఒక 1.5 టన్నుల ఏసీ గంటకు 2 లీటర్ల దాకా నీరు పిండుతుంది. రాత్రంతా నడిస్తే ఒక బకెట్టు నిండుతుంది. ఆ నీరంతా గోడలోకి, సీలింగులోకి, సర్క్యూట్ బోర్డులోకి పోకుండా బయటకు వెళ్లాలి.

ఎన్ని టన్నులు?

టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు, సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తీసేసే శక్తి. మామూలు ఎత్తు సీలింగు ఉన్న గదికి 120 చదరపు అడుగుల వరకు 1 టన్ను, 150 నుంచి 180 వరకు 1.5 టన్నులు అన్నది స్థూలమైన అంచనా. పై అంతస్తు, పడమటి గోడ, పెద్ద గాజు కిటికీలు ఉంటే కొంచెం పెంచాలి.

అయితే తీరంలో చాలామంది చేసే పని, "ఉక్క ఎక్కువ కదా, ఒక సైజు పెద్దదే వేయించుకుందాం" అనడం. దీనికి నేను గట్టిగా అడ్డుపడతాను. పెద్ద ఏసీ గదిని పది నిమిషాల్లో చల్లబరిచి కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) ఆపేస్తుంది. గాలిలోంచి నీరు పిండాలంటే కాయిల్ చల్లగా ఉండి, దాని మీదుగా గాలి చాలాసేపు సాగాలి. కంప్రెసర్ ఆగిపోయాక ఫ్యాన్ మాత్రం తిరుగుతుంటే కాయిల్ మీది తడి ఆరి మళ్లీ గదిలోకే వస్తుంది. థర్మామీటరు 23 చూపిస్తుంది, ఒళ్లు మాత్రం జిగటగానే ఉంటుంది. దాంతో రిమోట్ 20కి, 18కి దిగుతుంది, గోడలకు చెమ్మ పడుతుంది, అల్మారాలో బట్టలకు బూజు వస్తుంది.

గదికి సరిపడే సైజులో ఇన్వర్టర్ రకం తీసుకుంటే కంప్రెసర్ నెమ్మదిగా, ఆగకుండా నడుస్తుంది కాబట్టి తేమ బాగా తగ్గుతుంది. కొనేముందు డ్రై మోడ్ (తేమ తీయడానికే నడిచే పద్ధతి) ఉందా, ఫ్యాన్ వేగం బాగా తగ్గించుకునే వీలుందా చూడండి. గదిలో తేమను 50 నుంచి 60 శాతం మధ్య ఉంచడం లక్ష్యంగా పెట్టుకోండి. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి గోడకు తగిలించుకుంటే ఏసీ నిజంగా పని చేస్తోందో లేదో తెలుస్తుంది.

కాయిల్ సంగతి

రాగి గొట్టం, దాని చుట్టూ అల్యూమినియం ఫిన్స్ అన్నది మామూలు నిర్మాణం. రెండు వేరు లోహాలు ఆనుకున్న చోట ఉప్పునీరు చేరితే వాటి మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలవుతుంది. అందులో బలయ్యేది అల్యూమినియమే. మొదట ఫిన్స్ మొదళ్ల దగ్గర తెల్లటి పొడి కనిపిస్తుంది, తర్వాత ఫిన్ గొట్టాన్ని వదిలేస్తుంది. గొట్టం బాగానే ఉన్నా వేడి బయటకు పోయే దారి తెగిపోతుంది కాబట్టి చల్లదనం పడిపోతుంది.

ఫిన్స్‌కు నీలం రంగులోనో బంగారు రంగులోనో పూత ఉన్నవి కొంత మేలు. కానీ రంగు చూసి మురిసిపోకండి. ఆ పూత ఎక్కువ భాగం వేయడం ఫిన్ కత్తిరించక ముందే, రేకు దశలో జరుగుతుంది. కత్తిరించిన అంచుల దగ్గర లోహం బయటకే ఉంటుంది. ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉంటే కాయిల్ అంతా తయారయ్యాక పూత పూసిన రకం దొరుకుతుందేమో అడగండి. ఔట్‌డోర్ యూనిట్‌లోని సర్క్యూట్ బోర్డుకు తేమ తగలకుండా రక్షణ పూత ఉందా అని కూడా అడగాలి. కాయిల్ గురించి అడిగేవాళ్లు ఉన్నారు, బోర్డు గురించి అడిగేవాళ్లు అరుదు. ఇన్వర్టర్ ఏసీలో ఖరీదైన భాగాల్లో అది ఒకటి.

ఔట్‌డోర్ యూనిట్‌కు చోటు

సముద్రం వైపు గోడను వదిలేయండి. ఇల్లే అడ్డుగా నిలిచేలా అవతలి గోడను ఎంచుకోండి. అలా కుదరకపోతే గాలి నేరుగా కొట్టకుండా ముందు ఒక అడ్డుగోడ కట్టించండి. అది యూనిట్ వదిలే వేడి గాలిని తిరిగి లోపలికి తోయనంత దూరంలో ఉండాలి.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. యూనిట్ వాన తడవకుండా చూరు కింద పెట్టడం మంచిదని అందరూ అనుకుంటారు. తీరంలో అది తలకిందులవుతుంది. వాన పడే చోట ఉన్న యూనిట్ మీది ఉప్పును వానే కడిగేస్తుంది. చూరు కింద ఉన్నదాని మీద ఉప్పు పొరలు పొరలుగా పేరుకుంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33 శాతం దగ్గరే ఆ పని చేస్తుంది. అంటే ఆ పొర ఏడాది పొడవునా తడిగానే ఉండి లోహాన్ని తింటూ ఉంటుంది. ఔట్‌డోర్ యూనిట్ తయారయ్యేదే వానలో ఉండటానికి. దాన్ని తడవనివ్వండి. తప్పనిసరిగా చూరు కిందే పెట్టాల్సి వస్తే చేత్తో కడిగే బాధ్యత మీదేనని గుర్తుంచుకోండి.

దూరాలు మాన్యువల్‌లో ఉంటాయి. లేకపోతే వెనక గోడకు కనీసం 30 సెంటీమీటర్లు, గాలి వదిలే ముందు వైపు ఒక మీటరు వదలండి. పక్కన సర్వీసు వాల్వుల వైపు ఒక మనిషి స్పానర్ తిప్పేంత చోటు ఉండాలి. ఆ చోటు లేని యూనిట్‌ను తర్వాత ఎవరూ సరిగ్గా బాగుచేయలేరు. ఇరుకైన సందులో నాలుగైదు యూనిట్లు ఒకదానికొకటి ఎదురుగా వేడి గాలి ఊదుకుంటూ ఉంటే ఎంత మంచి ఏసీ అయినా కరెంటు తినడం తప్ప చేసేదేమీ ఉండదు.

స్టాండు విషయంలో పొదుపు వద్దు. రంగు వేసిన మామూలు ఇనుప యాంగిల్ ఉప్పు గాలికి వెల్డింగు అతుకుల దగ్గర లోపలి నుంచి తుప్పు పడుతుంది. రంగు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, ఒకరోజు యూనిట్ కింద పడుతుంది. వేడి జింకులో ముంచి పూత వేసిన స్టాండు కానీ, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్టాండు కానీ వాడండి. బోల్టులు, వాషర్లు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి. కాళ్ల కింద రబ్బరు దిమ్మలు పెట్టించండి.

ఇండోర్ యూనిట్, నీటి వాటం

వెనక ప్లేటును రసమట్టం పెట్టి బిగించాలి. కంటి అంచనాతో బిగించిన యూనిట్ ఒక వైపు వాలితే నీరు డ్రెయిన్ లేని మూలకు చేరి గోడ మీదుగా కారుతుంది.

గోడకు వేసే బెజ్జం, మామూలుగా 65 మిల్లీమీటర్లది, లోపలి నుంచి బయటకు కొద్దిగా కిందికి వాలాలి. అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు తేడా చాలు. పైపులు దూర్చాక బెజ్జాన్ని పుట్టీతో రెండు వైపులా పూర్తిగా మూసేయండి. ఈ పనిని చాలామంది అలంకారం అనుకుని వదిలేస్తారు. మూయని బెజ్జంలోంచి బయటి తేమ గాలి యూనిట్ వెనక చేరి చల్లటి భాగాల మీద నీరుగా మారుతుంది. డ్రెయిన్ శుభ్రంగా ఉన్నా గోడ తడుస్తోందంటే ముందు చూడాల్సింది ఈ బెజ్జాన్నే.

డ్రెయిన్ పైపుకు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాటం ఉండాలి. ఎక్కడా పైకి లేవకూడదు, మధ్యలో జారి కుంగకూడదు. వంకర్లు తిరిగే మడతల గొట్టాన్ని దూరం లాగితే ప్రతి మడతలోనూ పాచి పడుతుంది. రెండడుగులు దాటితే గట్టి పీవీసీ పైపే వేయించండి. పైపు చివర బకెట్టు నీళ్లలో మునిగి ఉండకూడదు. యూనిట్ లోపలి ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంటుంది, చివర మునిగితే నీరు కిందికి దిగకుండా ట్రేలోనే నిలుస్తుంది. మురుగు కాలువలోకి నేరుగా కలపడం అసలే వద్దు. ఆ వాయువులు పైపు గుండా పైకి వచ్చి గదిలో వాసన తెస్తాయి, రాగిని కూడా తింటాయి. గది లోపల, సీలింగు పైన నడిచే డ్రెయిన్ పైపుకు కూడా ఇన్సులేషన్ కావాలి. అందులో పారేది చల్లటి నీరు కాబట్టి పైపుకు బయట చెమట పడుతుంది.

రాగి పైపులు, వాక్యూమ్

ఇక్కడి నుంచి పని శిక్షణ పొందిన మెకానిక్‌ది. మీరు పక్కన నిలబడి ఏం చూడాలో చెబుతాను.

పైపు చుట్ట తెచ్చినప్పుడు రెండు చివరలకూ మూతలు ఉండాలి. మూత లేని పైపులోకి తేమ గాలి చేరుతుంది. ఆర్‌-32, ఆర్‌-410ఏ గ్యాసుల యంత్రాల్లో వాడే కంప్రెసర్ నూనె నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. నీరు కలిసిన నూనె క్రమంగా ఆమ్లంగా మారి మోటారు చుట్ల పూతను తింటుంది. రెండు మూడేళ్ల తర్వాత కంప్రెసర్ కాలిపోయినప్పుడు బిగించిన రోజు సంగతి ఎవరికీ గుర్తుండదు.

పైపు కోసాక లోపలి అంచు గరుకును తీయాలి. అప్పుడు పైపు నోరు కిందికి ఉండాలి, రాగి పొడి లోపల పడకుండా. ఫ్లేర్ (నట్టులో కూర్చునేలా గరాటులా విప్పిన పైపు నోరు) నున్నగా, సమానంగా, పగుళ్లు లేకుండా రావాలి. నట్టును చేత్తో కొన్ని చుట్లు తిప్పాక రెండు స్పానర్లతో, వీలైతే టార్క్ రెంచితో బిగించాలి. పావు అంగుళం పైపుకు 14 నుంచి 18, మూడు ఎనిమిదో వంతు అంగుళానికి 33 నుంచి 42, అర అంగుళానికి 49 నుంచి 61 న్యూటన్ మీటర్లు మామూలు హద్దులు. మీ యంత్రం మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. బలమంతా ఉపయోగించి బిగిస్తే ఫ్లేర్ పలచబడి చిట్లుతుంది. "బాగా టైటు చేశాను సార్" అన్నది మెచ్చుకోవాల్సిన మాట కాదు.

ఇన్సులేషన్: రెండు పైపులకూ వేరువేరుగా, గాలి చొరని నైట్రైల్ రబ్బరు తొడుగు. పొడి ప్రాంతాల్లో సరిపోయే 9 మిల్లీమీటర్ల మందం ఇక్కడ చాలదు, 19 మిల్లీమీటర్లది అడగండి. తొడుగుల అతుకులు జిగురుతో మూసి, పైన ఎండకు తట్టుకునే టేపు కింది నుంచి పైకి చుట్టాలి. అలా చుడితే ప్రతి చుట్టూ కింది చుట్టు అంచును కప్పుతుంది, వాన నీరు లోపలికి దిగదు.

తర్వాత లీకు పరీక్ష. పొడి నైట్రోజన్ ఎక్కించి, అతుకులకు సబ్బు నురగ రాసి, కాసేపు ప్రెషర్ నిలుస్తుందో లేదో చూడాలి. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ సిలిండర్ తగిలించబోతే వెంటనే ఆపించండి. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్ నూనెను తాకితే పేలుడు జరుగుతుంది, మనుషులు పోతారు.

నైట్రోజన్ వదిలేశాక వాక్యూమ్, అంటే పైపుల్లోని గాలిని, తేమను పంపుతో లాగేయడం. తీరప్రాంతంలో బిగింపు మొత్తానికీ ప్రాణం ఈ అడుగు. చాలాచోట్ల దీన్ని ఎగ్గొట్టి, ఔట్‌డోర్ యూనిట్‌లోని గ్యాస్‌ను కాస్త వదిలి, అదే గాలిని తోసేస్తుందని చేతులు దులుపుకుంటారు. అలా చేస్తే గాలి కొంత పోవచ్చు గానీ పైపు గోడలకు అంటిన తేమ పోదు. పైగా ఆర్‌-32 మండే గుణం ఉన్న వాయువు. వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట లాగి, మైక్రాన్ మీటరులో (వాక్యూమ్ ఎంత బాగా వచ్చిందో చూపేది) 500 కన్నా తక్కువకు దించి, పంపు ఆపి పది పదిహేను నిమిషాలు చూడాలి. మీటరు కొద్దిగా పెరిగి ఒకచోట నిలిచిపోతే తేమ మిగిలినట్టు, ఆగకుండా పెరుగుతూనే ఉంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ముల్లు తిరిగే మామూలు గేజి ఈ తేడాను చూపించలేదు. మెకానిక్‌ను పిలిచేముందే "వాక్యూమ్ పంపు, మైక్రాన్ మీటరు తెస్తారా?" అని ఫోనులో అడగండి. మనిషి పనితనం ఆ జవాబులోనే సగం తెలిసిపోతుంది.

పైపు పొడవు మాన్యువల్‌లో చెప్పిన హద్దు దాటితే మీటరుకు ఇన్ని గ్రాముల చొప్పున గ్యాస్ కలపాలి. త్రాసు పెట్టి తూచి కలపాలే తప్ప గేజి చూసి కాదు.

కరెంటు

ఏసీకి విడిగా లైను, విడిగా ఎంసీబీ (లోడు మించితే తనే పడిపోయే స్విచ్) ఉండాలి. 1.5 టన్నులకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయడం మంచి పద్ధతి. ఎంసీబీ ఎన్ని ఆంపియర్లదో యంత్రం మీది చీటీ, మాన్యువల్ చూసి నిర్ణయించాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఎర్త్ ఉందంటే సరిపోదు, కొలిపించండి.

ఉప్పు గాలిలో టెర్మినళ్లకు పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టిన అతుకు వేడెక్కుతుంది, వేడెక్కిన అతుకు వదులవుతుంది, చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది. తీగ చివరలకు టిన్ పూత ఉన్న లగ్గులు వేయించండి. బయటి తీగ పెట్టెలోకి దూరే చోట కిందికి ఒక వంపు ఉంచితే తీగ వెంట జారే వాన నీరు అక్కడే కింద పడిపోతుంది.

మొదటిసారి ఆన్ చేశాక

ఇరవై నిమిషాలు నడవనివ్వండి. లోపలికి పీల్చే గాలికీ బయటకు వదిలే గాలికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. ఉక్క బాగా ఉన్న రోజున అది 8 దగ్గరే ఉండొచ్చు. యంత్రం శక్తిలో పెద్ద భాగం నీరు పిండటానికే పోతుంది కాబట్టి ఆ తేడా తగ్గుతుంది. దాన్ని చూసి గ్యాస్ తక్కువైందని అదనంగా ఎక్కించనివ్వకండి. ట్రేలో ఒక మగ్గు నీళ్లు పోసి బయట చివర సాఫీగా వస్తున్నాయా చూడండి. మెకానిక్ వెళ్లకముందే చూడండి.

కడగడం: మీ చేతుల్లోని మందు

లోపలి ఫిల్టర్లు రెండు వారాలకోసారి. మామూలు నీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి.

ఔట్‌డోర్ కాయిల్‌ను నెలకోసారి, సముద్రం కనిపించే ఇల్లయితే పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడగాలి. ఎంసీబీ ఆపేసి పది నిమిషాలు ఆగండి. తోట గొట్టంతో, వేలు అడ్డం పెట్టకుండా, పై నుంచి కిందికి నెమ్మదిగా నీళ్లు వదలండి. ప్రెషర్ వాషర్ వాడితే ఫిన్స్ పడుకుంటాయి. కరెంటు పెట్టె ఉన్న వైపు నీళ్లు కొట్టకండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడగడం వల్ల ఉప్పు మీద ఉప్పే చేరుతుంది. పట్టి ఉంచిన వాన నీళ్లున్నా వాడండి.

లోపలి కాయిల్‌ను ఇంట్లో దొరికే వెనిగర్‌తో తుడవమనే సలహా తరచూ వినిపిస్తుంది. దాన్ని పాటించకండి. అందులో ఉన్నది ఎసిటిక్ ఆమ్లం. తేమ, గాలి తోడైతే ఫార్మిక్, ఎసిటిక్ వంటి ఆమ్లాలు రాగి గొట్టంలో కంటికి కనపడనంత సన్నటి సొరంగాలు తవ్వుతాయి. చీమల పుట్ట లోపలి దారుల్లా ఉండే ఆ రంధ్రాల్లోంచి గ్యాస్ కొద్దికొద్దిగా పోతుంది, ఎక్కడ పోతోందో దొరకదు. కొత్త ప్లైవుడ్, జిగుర్లు, రంగుల నుంచి కూడా ఈ ఆమ్లాల ఆవిరి వస్తుంది. ఇంట్లో చెక్క పని జరుగుతున్నప్పుడు ఏసీ ఆపి, కిటికీలు తెరిచి ఉంచండి.

లోపాలు, వాటి మూలాలు

ఇండోర్ యూనిట్ నుంచి నీళ్లు కారుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది డ్రెయిన్‌ను. తేమ, దుమ్ము కలిసి ట్రేలో జిగురు లాంటి పాచి పెరుగుతుంది. బయటి చివర తడి బట్ట చుట్టి వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగితే చాలావరకు వచ్చేస్తుంది, నీరు పీల్చగల రకం క్లీనర్ అయితేనే. డ్రెయిన్ బాగుంటే కాయిల్ మీద మంచు కడుతోందేమో చూడండి. మంచు కరిగినప్పుడు నీరు ట్రేలో పట్టక పొంగుతుంది. మంచుకు కారణం మురికి ఫిల్టరు కావచ్చు, ఇండోర్ ఫ్యాన్ నెమ్మదించడం కావచ్చు, గ్యాస్ తగ్గడం కావచ్చు. ఈ వరుసలోనే వెతకండి. కట్టిన మంచును కత్తితో గీకకండి. కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో పెడితే అదే కరుగుతుంది.

రెక్కల అంచుల నుంచి మాత్రమే చుక్కలు పడుతుంటే అది లోపం కాకపోవచ్చు. తలుపు తెరిచి ఉంచి, 18 డిగ్రీలు, ఫ్యాన్ అతి తక్కువ వేగంలో నడిపితే బయటి తేమ గాలి వచ్చి ఆ చల్లటి ప్లాస్టిక్ మీద నీరుగా మారుతుంది. తలుపు మూసి, 25 పెట్టి, సీలింగు ఫ్యాన్ వేసుకోండి. తడి బట్టలు ఆ గదిలో ఆరేయకండి.

చల్లదనం క్రమంగా తగ్గుతోందా? ఫిల్టరు, ఔట్‌డోర్ కాయిల్ ఈ రెండూ కడిగాక మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే "గ్యాస్ అయిపోయింది" అనే మాట వినిపిస్తుంది. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే వస్తువు కాదు. తగ్గిందంటే లీకు ఉంది. ఫ్లేర్ నట్ల దగ్గర, కాయిల్ వంపుల దగ్గర నూనె జిడ్డు కనిపిస్తే అదే జాడ. లీకు వెతకకుండా ఏటా గ్యాస్ నింపించడం డబ్బును గాలికి వదలడమే. ఆర్‌-32కు భూతాపం పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 675 రెట్లు, ఆర్‌-410ఏకు 2,088 రెట్లు. సరైన క్రమం ఇది: మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీయడం, లీకు మూయడం, నైట్రోజన్ పరీక్ష, వాక్యూమ్, చీటీ మీద రాసినంత తూచి నింపడం. ఆర్‌-22 (పాత రకం గ్యాస్) యంత్రంలో ఆర్‌-32 నింపుతాననే వాళ్లను ఇంట్లోకి రానివ్వకండి. ప్రెషర్లు వేరు, నూనె వేరు, మండే గుణం అదనం. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగాన్ని బట్టి ప్రెషర్ మారుతుంటుంది కాబట్టి గేజి ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పడమూ సరికాదు.

పాత రకం ఏసీలో బయట కంప్రెసర్ మూలిగి ఆగిపోతుంటే కెపాసిటర్ (మోటారు తిరగడానికి విద్యుత్ ఊపునిచ్చే భాగం) బలహీనపడి ఉండొచ్చు. చిన్న భాగమే, చవకగా మారేదే. కానీ కరెంటు ఆపినా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఇన్వర్టర్ బోర్డులో అయితే 300 వోల్టులకు పైగా నిలుస్తుంది. మీటరుతో కొలవడం, దాన్ని సురక్షితంగా ఖాళీ చేయడం వచ్చినవాళ్లే ఆ మూత తీయాలి.

వాన పడ్డప్పుడే ఆర్‌సీసీబీ పడిపోతోందా? ఔట్‌డోర్ టెర్మినల్ పెట్టెలోకి తేమ చేరింది, లేదా తీగ తొడుగు ఎక్కడో పగిలింది. పదేపదే పైకి ఎత్తి నడిపించకండి. అది మీ ప్రాణం కోసం పడిపోతోంది. బోర్డు మీద చీమలు, బల్లులు చేరి షార్టు కావడం కూడా మామూలే, పెట్టె రంధ్రాలు మూయించండి.

ఆన్ చేయగానే పాత సాక్సుల వాసన వస్తే కాయిల్ మీద, లోపలి గుండ్రటి ఫ్యాన్ మీద బాక్టీరియా, బూజు పేరుకున్నట్టు. పూర్తి సర్వీసు చేయించి, ఆ తర్వాత ప్రతిసారీ ఆపేముందు ఇరవై నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపి కాయిల్ ఆరనివ్వండి. ఆ కాసేపు గదిలోకి కొంత తేమ తిరిగి వస్తుంది. అందుకే గదిలోంచి బయటకు వెళ్లే ముందు చేయడం మేలు.

తుఫాను ముందు, తర్వాత

హెచ్చరిక రాగానే స్టాండు బోల్టులు బిగుతుగా ఉన్నాయేమో చూసి, ఎంసీబీ ఆపేయండి. ప్లాస్టిక్ కవరు చుట్టి తాళ్లు కడితే గాలికి అది తెరచాపలా లాగుతుంది, వద్దు. గాలివాన వెలిశాక ఆన్ చేయకముందే కాయిల్‌ను మంచినీళ్లతో కడగండి. తుఫాను తెచ్చే ఉప్పు నెలల తరబడి పేరుకునే దానితో సమానంగా ఉండొచ్చు. ఔట్‌డోర్ యూనిట్ నీటిలో మునిగి ఉంటే స్విచ్ వేయకుండా మెకానిక్‌కు చూపించాలి.

ఎప్పుడు మార్చేయాలి?

ఫ్లేర్ దగ్గర లీకు అయితే మళ్లీ ఫ్లేర్ చేస్తే సరిపోతుంది, సందేహం లేకుండా బాగుచేయించండి. కెపాసిటర్, ఫ్యాన్ మోటారు, సెన్సరు వంటివీ అంతే. ఔట్‌డోర్ కాయిల్‌నే ఉప్పు తినేసి, ఫిన్స్ వేలితో తాకితే రాలుతుంటే మాత్రం అతుకు వేయించకండి. ఒకచోట మూస్తే పక్కన మరోచోట చిల్లు పడుతుంది. ప్రతిసారీ గ్యాస్ ఖర్చు అదనం. మిగతా యంత్రం కొత్తదైతే కాయిల్ మొత్తం మార్పించండి. ఏడెనిమిదేళ్లు దాటి, కంప్రెసర్ కూడా అలసిన శబ్దం చేస్తుంటే కొత్త ఏసీయే నయం. అప్పుడు పాత రాగి పైపులను అలాగే వాడేద్దామనే మాట వస్తుంది. పాతది ఆర్‌-22 యంత్రమైతే, లేదా కంప్రెసర్ కాలిపోయి ఉంటే ఆ పైపుల్లో పాత నూనె, ఆమ్లం మిగిలి ఉంటాయి, కొత్తవే వేయించండి. పాత యూనిట్‌ను విప్పేముందు అందులోని గ్యాస్‌ను గాలికి వదలకుండా సిలిండర్‌లోకి తీయమని మెకానిక్‌కు ముందే చెప్పి ఒప్పించుకోండి.